మా పెద్దమ్మ కసరత్తు

మా అబ్బాయి నాకో సైకిలు కొనుక్కొచ్చాడు. ఎక్కి తొక్కితే ఎక్కడికీ పోదు. మోకాళ్ళు పట్టేస్తున్నాయంటే డాక్టరు రోజూ అరగంట తొక్కమన్నాడట. హాల్లో టీవీ పక్కన పెట్టి, నన్ను ఎక్కించి, "ఎలా ఉంది నాన్నా?" అని అడిగాడు. ఎలా ఉంటుంది? అరగంట తొక్కి దిగి చూస్తే ఎక్కినచోటే ఉన్నాను. కోదాడ బడిలో ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, ఈ లెక్క మాత్రం నాకు తేలలేదు. చెమట పట్టిన మాట నిజమే. అంత చెమటకూ ఒక బిందెడు నీళ్ళు రాలేదు, గుప్పెడు పిండి రాలేదు. తువ్వాలుతో మొహం తుడుచుకుంటుంటే మా పెద్దమ్మ గుర్తొచ్చి ఒక్కణ్ణే పకపకా నవ్వాను. కోడలు వంటింట్లోంచి తొంగిచూసి వెళ్ళిపోయింది.

పెద్దమ్మ పోయి నలభై ఏళ్ళు దాటింది. పేరు చెప్పినా ఎవరూ గుర్తుపట్టరు. సూర్యాపేటలో ఆమెను అందరూ "తాలీం పక్కింటామె" అనేవాళ్ళు. మా అమ్మకు వరసకు అక్క. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు. రెండు గదుల పెంకుటిల్లు, పెరట్లో బావి, బావి పక్కన రోలు. పెరటిగోడకు అవతల పహిల్వాన్లు కుస్తీ నేర్చుకునే తాలీంఖానా. వాళ్ళను చూస్తే ఆమెకు ఒళ్ళు మంట.

పోలీసు చర్య అయిన మరుసటి ఏడు నేను నౌకరీ వెతుక్కుంటూ ఆ ఇంట్లో దిగాను. ఇరవై ఏళ్ళవాణ్ణి. కోదాడలో నాన్న పక్షవాతంతో మంచాన పడ్డాడు, చెల్లెళ్ళు ఇద్దరూ చిన్నవాళ్ళు. ఇంటిల్లిపాదీ నా నౌకరీ మీదే ఆశ పెట్టుకుని కూర్చున్నారు. నేను చూస్తే గాలికి ఎగిరిపోయేలా ఉన్నాను. పెద్దమ్మ నన్ను కుశలమేమీ అడగలేదు. గుమ్మంలోనే నా జబ్బ పట్టుకుని గిల్లింది.

"ఇదేంది బిడ్డా, గిల్లుదమంటె కండ దొరుకుతలేదు. గిది చెయ్యా, పొరక పుల్లనా?"

"హకీంగారు కసరత్తు చేయమన్నారు పెద్దమ్మా. పక్కనే తాలీం ఉందిగా, చేరదామనుకుంటున్నా."

"గాళ్ళ దగ్గరనా?" అంది గోడవైపు చూసి. "మట్టిల పొర్లితె కసరత్తా? పందులు గూడ పొర్లుతయి, దానికి ఉస్తాదెందుకు? రేపు కోడి గూసినంక లేపుత. నా తాలీంల జేరు."

చేరాను. చేరక ఏం చేస్తాను? అన్నం ఆమె చేతిలో ఉంది.

ఆమె తాలీంలో మొదటిది సాన్పి చల్లడం. పేడ నీళ్ళు వాకిట్లో ఎవరైనా చల్లుతారు. పెద్దమ్మ మాత్రం కొంగు నడుముకు బిగించి, పది దోసిళ్ళు కుడిచేత్తో, పది ఎడమచేత్తో చల్లేది. ఊడవడమూ అంతే, సగం వాకిలికి చెయ్యి మార్చేది. "ఒక్క చెయ్యే పనిజేస్తె ఇంకో చెయ్యి సోమరిదైతది. ఒక్క కడుపున పుట్టినయి, రెండింటికి సరిసమానం ఉండాలె" అనేది. తర్వాత బావి. చేదడానికి గిలక ఉన్నా దాని మీంచి తాడు తీసేయించేది. గిలక సగం బలం తినేస్తుందట. ఆ తర్వాత విసుర్రాయి, ఆఖరికి రోలు.

దీనికంతటికీ లెక్క ఉంది. ఆమెకు ఇరవై దాకానే లెక్కవచ్చు. ఇరవై దెబ్బలు కాగానే గట్టు మీద ఒక చింతగింజ పెట్టి మళ్ళీ ఒకటి నుంచి మొదలు. ఆరు చింతగింజలయ్యాక జొన్నసంకటిలాంటి గట్క, అందులోకి సల్ల. అంతకుముందు ఆకలంటే ఊరుకునేది కాదు. దెబ్బ దెబ్బకూ గొంతెత్తి లెక్కపెట్టేది. ఆ గొంతు బజారు చివరిదాకా వినిపించేది.

ఆ లెక్కతోనే తాలీం ఉస్తాదుకూ ఆమెకూ పంచాయితీ వచ్చింది. పాపం మంచివాడు, గోడమీంచి తల ఎత్తి బతిమాలాడు.

"అమ్మా, జర నిమ్మళంగ లెక్కవెట్టుండ్రి. మా పోరలు పరేషాన్ అయితున్నరు. వాళ్ళు నలభై బైఠకులు తీసే యాళ్ళకు మీరు ఇరవై అని మళ్ళ ఒకటికాడికి వస్తున్నరు. వాళ్ళు గూడ ఒకటికాడికి వస్తున్నరు. పొద్దుగాల్నుంచి ఒక్కడు యాభై దాటలే!"

"ఇరవై దాటితె నాకు రాదు ఉస్తాదూ. నీ పోరగాళ్ళనే ఇరవైకి ఆపుకొమ్మను. అంత బలమున్నోళ్ళయితె ఒకణ్ణి ఇటు తోలు. గీ తట్టెడు వడ్లు దంచుమను."

ఉస్తాదుకు రోషమొచ్చింది. నూనె రాసుకుని నిగనిగలాడే ఒక పహిల్వానును గోడ దూకించాడు. అతడు రోకలిని ఒంటిచేత్తో గిరగిరా తిప్పి దిగాడు రంగంలోకి. మొదటి ఇరవై బ్రహ్మాండంగా దంచాడు. రెండో ఇరవైకి ఊపిరి తప్పింది. మూడో ఇరవైలో రోకలి రోటి అంచుకు తగిలి వడ్లన్నీ పెరడంతా చెల్లాచెదరయ్యాయి. గోడ మీద వరసగా కనిపిస్తున్న పహిల్వాన్ల తలలన్నీ ఒక్కసారే కిందికి దిగిపోయాయి. పెద్దమ్మ అతడికి చెంబెడు సల్ల ఇచ్చి, తన చెయ్యి చాపింది.

"గిల్లు బిడ్డా. సిగ్గువడకు, గిల్లు."

వాడు గిల్లలేకపోయాడు. ఎండిన చింతకొమ్మను ఎవరు గిల్లగలరు? ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకూ ఆమె ఈ పరీక్ష పెట్టేది. చుట్టాలు, పాలామె, ఒకసారి జనాభా రాసుకోవడానికి వచ్చిన పట్వారీ, ఎవరికీ తప్పలేదు. పట్వారీ గిల్లి, గోరు విరిగి, కోపంతో వెళ్ళిపోయాడు.

ఆ పహిల్వాను బుద్ధిమంతుడు. "అమ్మా, రోజొచ్చి దంచిపెడత, నేర్పుండ్రి" అన్నాడు. పెద్దమ్మ ఒప్పుకోలేదు. "మీ అమ్మకు దంచిపెట్టు పో. ఆమెకు మోకాళ్ళు నొస్తున్నయని మొన్న సంతల ఏడ్సింది" అని మళ్ళీ గోడ దూకించింది. అప్పుడు నాకు అర్థం కాలేదు. ఊరికే వచ్చిన మనిషిని పోగొట్టుకుందే అనుకున్నాను.

బజార్లో పిండి గిర్ని పెట్టినప్పుడు ఆడవాళ్ళంతా గిన్నెలు నెత్తిన పెట్టుకుని వరస కట్టారు. పెద్దమ్మ అటు తొంగి కూడా చూడలేదు. "పిండి మనకొస్తది, సరే. బలం ఎవనికి పోతది? గిర్నికి!" అని తేల్చేసింది. "అంత పని ఒక్కదానివే చేసుకోవడం ఎందుకు?" అని ఒకసారి నేను అడిగితే నా నెత్తిన మొట్టింది. "పని అనకు. పని అంటె నడుము ఒంగుతది. కసరత్తంటె రొమ్ము ఇరుసుకుంటది."

నాలుగు నెలల్లో నా రొమ్ము కూడా కాస్త విరుచుకుంది. జబ్బల్లో గిల్లడానికి కండ దొరికింది. ఆ ధైర్యంతోనే మిర్యాలగూడలో ఒక బడికి నౌకరీ అడగడానికి వెళ్ళాను. అక్కడ ఖాళీ ఉన్నది ఒక్క డ్రిల్లు మాస్టరు కొలువే. హెడ్మాస్టరు పడక కుర్చీ నిండా ఉన్నాడు. పొట్ట కుర్చీలోంచి ఒక మూర ముందుకే ఉంది.

"డ్రిల్లు వచ్చునా?" అన్నాడు.

"వచ్చు సార్" అన్నాను. రాదు.

"నెలదినాలు చూస్త. మంచిగ చేయిస్తే పర్మనెంటు కాయితం రాస్త. లేకుంటే ఇంటికే."

మర్నాడు పొద్దున నలభైమంది పిల్లలు నా ముందు నిలబడ్డారు. వరండాలో హెడ్మాస్టరు. నాకు తెలిసినవి రెండే మాటలు. "హోషియార్!" అన్నాను. పిల్లలు బిగుసుకున్నారు. "ఆరాం!" అన్నాను. వదులయ్యారు. మళ్ళీ హోషియార్, మళ్ళీ ఆరాం. ఎనిమిదిసార్లు అయ్యేసరికి పిల్లలు మొహమొహాలు చూసుకుంటున్నారు. కళ్ళముందు నాన్న మంచం కనిపించింది. ఏమనిపించిందో ఏమో, పెద్దమ్మ గొంతుతో అరిచాను.

"రోకలి ఎత్తు! దంచు! ఒకటీ... రెండూ..."

పిల్లలు మొదట కిసకిస నవ్వారు. తర్వాత దంచారు. రోజూ ఇళ్ళల్లో చూసేదే, చెప్పాల్సిన పనే లేకపోయింది. ఇరవై దంచి, "బొక్కెన వదులు! చేదు!" అన్నాను. ఇరవై చేదారు. విసిరారు, చెరిగారు, కుడిచేత్తో పది, ఎడమచేత్తో పది సాన్పి చల్లారు. నలభైమంది ఒక్కసారే వంగి లేస్తుంటే చూడముచ్చటగా ఉంది. హెడ్మాస్టరు వరండా దిగి వచ్చాడు.

"ఇది ఎక్కడి పద్ధతి? మద్రాసుదా?"

"సూర్యాపేటది సార్."

"బహుత్ అచ్ఛా!" అని నా భుజం తట్టాడు.

ఆ వారం సెలవుకు బస్సెక్కి పెద్దమ్మ దగ్గరికి పరుగెత్తాను. పొంగిపోతూ అంతా చెప్పాను. ఆమె విని, లోపలికెళ్ళి, నేను అన్నం తినే తలె ఖాళీగా తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇదేంటి పెద్దమ్మా?"

"నలభైమంది పోరగాళ్ళతోని ఉత్త గాలి దంచిపిచ్చినవ్. ఉత్త గాలి దంచినోనికి ఉత్త తలె. తిను."

"డ్రిల్లంటే అంతే పెద్దమ్మా..."

"రోలు లేదు, వడ్లు లేవు, బావి లేదు. ఎవలన్న జూస్తె దయ్యం పట్టిందనుకుంటరు. నా పేరు సెప్పకు గాడ, నా ఇజ్జత్ పోతది." కాసేపు నా మొహం చూసి, జాలేసి గట్క పెట్టిందనుకోండి. అయినా నాకు చిన్నతనమైంది.

అందుకే రెండు వారాల తర్వాత హెడ్మాస్టరు ఆ మాట అన్నప్పుడు నేను ఎగిరి గంతేశాను. "గాలిల దంచుడెందుకు? మా ఇంట్ల రోలుంది, బావి ఉంది, వాకిలుంది. రోజుకు పదిమంది పిల్లలను పొద్దుగాల మా ఇంటికి తోలు. సామాన్లతోనే కసరత్తు జేస్తరు. రేపటి సంది షురూ చేయించు, వారంల నీ కాయితం రాస్త" అన్నాడు. మొదటి పదిమందిని అప్పుడే పిలిచి మర్నాడు ఆయన ఇంటికి రమ్మన్నాను. సాయంత్రం బస్సుకు సూర్యాపేట వెళ్ళాను. ఆమె తప్పుపట్టిన లోటు తీరిపోయిందని చెప్పి శభాష్ అనిపించుకోవాలి కదా!

"పెద్దమ్మా, ఇక గాలి కాదు. నిజం రోలు, నిజం వడ్లు, నిజం పిండి! నౌకరీ కూడా ఖాయమే!"

ఆమె విసుర్రాయి ఆపింది. "పిండి ఎవలింటికి పోతది?"

"హెడ్మాస్టరుగారింటికి. వాళ్ళిల్లే కదా."

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. చేతికంటిన పిండి దులుపుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"పదేండ్ల పోరిని నేను. దొర గడీల వడ్లు దంచేదాన్ని. వెట్టి. కూలి లేదు, గింజ లేదు. సేతులు బొబ్బలెక్కి ఏడిస్తె కొట్టేటోళ్ళు. గాడనే దొర కొడుకులు కసరత్తు జేసేటోళ్ళు. గాళ్ళకు పాలు, బాదాములు. గాళ్ళకూ సెమటనే, నాకూ సెమటనే. గాళ్ళ సెమట జూసి అందరు శభాష్ అందురు. ఓహో గిట్లనా అని, నేను గూడ మనసుల లెక్కవెట్టుకుంట దంచిన. నేను దంచుతలేను, కసరత్తు జేస్తున్న అనుకున్న. గట్ల అనుకోకుంటె సచ్చిపోదును బిడ్డా."

ఆమె నా గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"మనింట్ల మనం జేసుకుంటె కసరత్తు. ఒకనింట్ల భయానికి జేస్తె వెట్టి. గా రెండు కలిపినవ్ గదరా నువ్వు."

"కానీ పెద్దమ్మా, నౌకరీ... నాన్న..."

"నాకు తెల్వదా? నీ నౌకరికి ఏం గాకుంట నేను మాట్లాడుత. మెల్లగ, మర్యాదగ. నువ్వు నోరు తెరువకు."

మర్నాడు మొదటి బస్సుకే మిర్యాలగూడ వెళ్ళాం. దారంతా ఆమె మర్యాదగా ఎలా మాట్లాడాలో అభ్యాసం చేసింది. "దండాలు సారూ, మీరు పెద్దోళ్ళు సారూ" అని గొణుక్కుంటూనే ఉంది. మేం వెళ్ళేసరికి హెడ్మాస్టరు పడక కుర్చీలో చాయ్ తాగుతున్నాడు. ఇద్దరు పిల్లలు దంచుతున్నారు, ఇద్దరు చేదుతున్నారు, మిగిలినవాళ్ళు వాకిలి ఊడుస్తున్నారు.

"దండాలు సారూ. మీరు పెద్దోళ్ళు సారూ" అని ఆమె సరిగ్గానే మొదలుపెట్టింది. అంతలో దంచుతున్నవాళ్ళలో ఒకడు రోకలి దింపి, అరచేతులు ఊదుకున్నాడు. పెద్దమ్మ ఆ చేతులు చూసింది. అంతే, మర్యాద ఖతం. కొంగు నడుముకు బిగించి, రోకలి లాక్కుంది.

"పోండ్రి బిడ్డా, మీ ఇండ్లకు పోండ్రి. మీ అమ్మలకు దంచుండ్రి!"

పిల్లలు రెండోసారి చెప్పించుకోలేదు. తూనీగల్లా మాయమయ్యారు. హెడ్మాస్టరు లేవడానికి ప్రయత్నిస్తున్నాడు, కుర్చీ వదలడం లేదు. ఆమె దగ్గరికెళ్ళి, ఆయన జబ్బ పట్టుకుని గిల్లింది. మెత్తటి కండ గుప్పెడు ఆమె చేతిలోకి వచ్చింది.

"సూడు సారూ, ఎంత పిండి ముద్దున్నదో! ఇల్లు నీది, రోలు నీది, వడ్లు నీయి, పొట్ట నీది. మరి కసరత్తు పోరగాళ్ళదెట్లయితది? పట్టు రోకలి!"

తలుపు వెనకనుంచి హెడ్మాస్టరు భార్య నవ్వు వినిపించింది. నోట్లో కొంగు కుక్కుకున్నా ఆగలేదు. దాంతో ఆయనకు పిచ్చి కోపం వచ్చింది. నా వైపు తిరిగాడు.

"ఎవరీ ముసల్ది? నీతోని వచ్చిందా? నీకేమైతది?"

నేను నోరు తెరిచేలోగానే పెద్దమ్మ అడ్డం పడింది. అప్పటికి తెలివొచ్చినట్టుంది ఆమెకు. రోకలి కింద పెట్టి, చేతులు జోడించింది.

"ఏం గాను సారూ. నేనెవలో ఈ పిలగానికి తెల్వదు. తొవ్వల కలిసిన. తిక్కదాన్ని, నన్ను గొట్టు, పిలగాన్ని ఏమనకు."

అంత చింతకొమ్మలాంటి మనిషి, నడుము వంగి నిలబడింది. ఆమెను అలా నేనెప్పుడూ చూడలేదు.

"నిజమేనా? తెల్వదా నీకు?" అన్నాడు హెడ్మాస్టరు. "తెల్వదంటే చెప్పు, బయటికి గెంటు, కాయితం ఇప్పుడే రాస్త."

ఒక్క మాట. "తెలియదు సార్" అంటే చాలు. నాన్న కళ్ళు, చెల్లెళ్ళ మొహాలు అన్నీ నా ముందు గిర్రున తిరిగాయి. పెద్దమ్మ తల ఎత్తకుండానే, అనరా, అనరా అన్నట్టు చెయ్యి ఊపుతోంది.

"మా పెద్దమ్మ సార్" అన్నాను. "నాకు డ్రిల్లు నేర్పింది ఈమే."

నౌకరీ అక్కడికక్కడే పోయింది.

బస్సులో ఆమె నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. "తెలివి తక్కువోడా! నేను అబద్ధమాడి గట్టెక్కిస్తుంటె నడుమ నీ సత్యమెందుకురా? నేనంటె ముసల్దాన్ని, నోరు జారిన, సెయ్యి జారింది. నౌకరోనివి నీకు బుద్ధుండొద్దా? మీ అమ్మకు ఏమని మొకం సూపియ్యాలె నేను?" బస్సులో అందరూ నన్నే చూస్తున్నారు. భయంగా ఉంది, ఏడుపొస్తోంది, లోపలెక్కడో హాయిగా కూడా ఉంది.

సగం దారిలో ఒక ఎత్తు ఎక్కలేక బస్సు ఆగిపోయింది. అవి బొగ్గుతో నడిచే బస్సులు, వాటికిది అలవాటే. "అందరు దిగుండ్రి, నూకాలె!" అని కండక్టరు అరిచాడు. ఆడా మగా అంతా దిగారు. ఇలాంటి చోట మా పెద్దమ్మ అందరికంటే ముందు దూకాలి. దూకలేదు. కిటికీ పక్కన కదలకుండా కూర్చుంది.

"ఓ అవ్వా, దిగు!" అన్నాడు కండక్టరు.

"దిగ" అంది.

నేను కంగారుపడి కిటికీ దగ్గరికి వెళ్ళాను. "ఏమైంది పెద్దమ్మా? ఒంట్లో బాగాలేదా?"

"మంచిగనే ఉన్న." కళ్ళు తుడుచుకుని, సీటులో వెనక్కి ఆనుకుంది. కాళ్ళు ముందుకు చాపింది. "ఏండ్ల సంది అందరియి నూకుతనే ఉన్న. ఇయ్యాల నాకోసమని ఒకడు నౌకరి ఇడిసిపెట్టిండు. నువ్వు నూకు బిడ్డా. నేను గూసుంట. జర మురుసుకోనియ్యి."

వెనక్కి వెళ్ళి, భుజం ఆనించి, బస్సును నూకాను.